రంగులే మార్చాను, అది చీటింగ్ ఎలా అవుతుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న ఇదీ. ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐకి, ఆట దృశ్యాల సెట్టింగ్‌లు మార్చే జీఎఫ్ఎక్స్ టూల్ అనే యాప్ పెట్టుకుని రంగులు పెంచావు, నీడలు తీసేశావు. గడ్డి కనిపించకుండా చేసే కాన్ఫిగ్ ఫైల్ ఒకటి టెలిగ్రామ్‌లో దొరికితే అదీ వేసుకున్నావు. నీ స్క్వాడ్‌లో ఉన్న కుర్రాడే నిన్ను చీటర్ అన్నాడు. నాకు గురి దానంతటదే పెట్టే ఎయిమ్‌బాట్ లేదు, గోడ వెనక ఉన్నవాళ్లని చూపించే వాల్‌హ్యాక్ లేదు, గన్ రీకాయిల్ (కాల్చినప్పుడు తుపాకీ ఎగరడం) ముట్టుకోలేదు, కంటికి కనిపించేది మాత్రమే మార్చుకున్నాను, నా ఫోను నా ఇష్టం కదా అని నీ వాదన. ఆదివారం కాలేజీ టోర్నమెంట్ ఉంది కాబట్టి ఈలోగా తేల్చి చెప్పమన్నావు.

తేల్చే చెబుతాను. రంగులు పెంచుకోవడం చీటింగ్ అని నేను అనను. నీడల దగ్గర కొంచెం ఆలోచించాలి. గడ్డి తీసెయ్యడం మాత్రం చీటింగే, అందులో నాకు అనుమానం లేదు. ఇక ఈ మూడూ బయటి టూల్‌తో, బయటి ఫైల్‌తో చేశావు కాబట్టి ఆట నిబంధనల ప్రకారం మూడింటికీ బ్యాన్ పడొచ్చు. చీటింగ్ అవునా కాదా అన్నది ఒక ప్రశ్న, బ్యాన్ పడుతుందా లేదా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండూ కలిపేయడం వల్లే నీకూ నీ ఫ్రెండ్‌కీ గొడవ వచ్చింది.

"కనిపించేది మాత్రమే మార్చాను" అన్న మాట నేను మొదటిసారి విన్నది 2007 ప్రాంతంలో, విజయవాడలో ఒక నెట్ సెంటర్‌లో. ఎనిమిది సిస్టమ్‌లు, గంటకు పదిహేను రూపాయలు, సాయంత్రం ఆరు దాటితే కౌంటర్-స్ట్రైక్ 1.6 అనే కాల్పుల ఆట తప్ప ఇంకేదీ నడిచేది కాదు. డస్ట్2 మ్యాప్ ఆడుతున్నాం. నా పక్క సిస్టమ్ కుర్రాడు లాంగ్ అనే పొడవాటి దారి తలుపుల దగ్గర ప్రతిసారీ సరిగ్గా సమయానికి కాలుస్తున్నాడు. నేను చచ్చిపోయి ఖాళీగా ఉన్నప్పుడు అతని తెర వైపు చూశాను. చెక్క తలుపులోంచి ఎర్రటి ఊచలు పొడుచుకుని బయటికి వచ్చాయి, ముళ్లపంది ముళ్లలా. మొదట గ్రాఫిక్స్ కార్డు పాడైందేమో అనుకున్నాను. తర్వాత ఊచలు కదిలాయి, వాటి వెనకే మనిషి తలుపులోంచి బయటికి వచ్చాడు, అతను వచ్చేసరికే ఇతను ట్రిగ్గర్ నొక్కేశాడు.

అతను చేసింది ఒక్కటే. శత్రువు బొమ్మ ఉండే మోడల్ ఫైల్ తీసేసి, అదే పేరుతో ఇంకో ఫైల్ పెట్టాడు. అందులో మనిషి ఒంటి నుంచి నాలుగు వైపులా పొడవాటి ముళ్లు ఉంటాయి. మనిషి గోడ వెనక ఉన్నా ముల్లు గోడ దాటి వస్తుంది. పట్టుకుంటే అతను అన్న మాట నాకు ఇంకా గుర్తుంది: "గేమ్‌ని నేనేం చేయలేదన్నా, బొమ్మ మార్చానంతే." అబద్ధం కూడా కాదది. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మారలేదు. ఆ ఆటలో ఎంపీ_కన్సిస్టెన్సీ అనే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్‌లో పెడితే ఆటగాడి మోడల్ ఫైళ్లు సర్వర్‌లో ఉన్నవాటితో సరిపోలుతున్నాయో లేదో చూసి, తేడా ఉంటే లోపలికి రానివ్వదు. మా సెంటర్‌లో అది ఆన్‌లో లేదు. ఆ రోజు నుంచి పెట్టాం.

నేను తర్వాత నాలుగేళ్లు ఒక మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌కి అడ్మిన్‌గా చేశాను. నీ ప్రశ్నకి అసలు జవాబు నాకు అక్కడే అర్థమైంది, అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మైన్‌క్రాఫ్ట్‌లో వజ్రాలు భూమి లోపల ఉంటాయి. తవ్వితేనే దొరుకుతాయి, తవ్వడానికి గంటలు పడుతుంది. ఎక్స్‌రే ప్యాక్ అని ఒకటి ఉంటుంది. అది హ్యాక్ ప్రోగ్రామ్ కాదు, మామూలు రిసోర్స్ ప్యాక్. బొమ్మల ఫైళ్లు, బ్లాకుల ఆకారం రాసిన చిన్న ఫైళ్లు, అంతే. రాయి, మట్టి కనిపించకుండా, ఖనిజాలు మాత్రమే కనిపించేలా వాటిని మార్చి ఉంటారు. అది వేసుకుంటే భూమి మాయమై, చీకట్లో వజ్రాలూ బంగారమూ గాల్లో వేలాడుతున్నట్టు కనిపిస్తాయి. నేరుగా వెళ్లి తెచ్చుకోవడమే.

ఇలా చేసినవాళ్లని పట్టుకోవడం కష్టం కాదు. ఆడకుండా ఎక్కడికైనా వెళ్లి చూడగలిగే స్పెక్టేటర్ మోడ్‌లో భూమి లోపలికి వెళ్లి వాళ్లు తవ్విన సొరంగం ఆకారం చూస్తే చాలు. మామూలుగా తవ్వేవాడి సొరంగం చాలాదూరం తిన్నగా పోతుంది, పక్కన రెండు బ్లాకుల అవతలే వజ్రం ఉన్నా తెలియక దాటిపోతుంది. ఎక్స్‌రే వేసినవాడి సొరంగం పది బ్లాకులు పోయి ఉన్నట్టుండి ఎడమకి తిరుగుతుంది, వజ్రం దగ్గర ఆగుతుంది, మళ్లీ కిందికి దిగుతుంది, ఇంకో వజ్రం దగ్గర ఆగుతుంది. ఒక్క వృథా బ్లాకు ఉండదు. ఒక కుర్రాడి సొరంగం పన్నెండు మలుపులు తిరిగితే పన్నెండు చోట్లా వజ్రాలు ఉన్నాయి. అడిగితే అతనూ అదే అన్నాడు, నేను టెక్స్చర్ ప్యాక్ మార్చుకున్నానంతే, అందరూ మార్చుకుంటారు కదా అని.

అందరూ మార్చుకుంటారు, నిజమే. గడ్డి ఇంకా పచ్చగా, నీళ్లు ఇంకా నీలంగా, కత్తి బంగారు రంగులో ఉండే ప్యాక్‌లు మా సర్వర్‌లో సగం మంది వాడేవాళ్లు. వాళ్లనెవరినీ నేను ఆపలేదు. రెండూ ఒకే మెనూలోంచి వేసుకునే ఒకే రకం ఫైళ్లు. ఒకటి తెలిసిన వస్తువు రంగు మార్చింది. రెండోది తెలియకూడని విషయం చెప్పేసింది. ఆన్‌లైన్ ఆటలో ఆరోగ్యం, తూటాలు ఎంత ముఖ్యమో, ఎవరికి ఏం తెలుసు అన్నదీ అంతే ముఖ్యం. ఆట తయారుచేసినవాళ్లు దాన్ని లెక్క ప్రకారం పంచుతారు. గోడ, పొగ, గడ్డి, చీకటి, మ్యాప్ అంచు, కెమెరా ఎత్తు, ఇవన్నీ ఆ లెక్కలో భాగం. నీ తెర మీద వీటిలో ఏదైనా పనిచెయ్యకపోతే నువ్వు అలంకారం మార్చినట్టు కాదు, నియమం మార్చినట్టు.

మరి తెలియకూడనిది నీ కంప్యూటర్‌కి ఎందుకొస్తుంది అని అడగొచ్చు. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నీ చుట్టూ ఉన్న లోకాన్ని 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు ఉన్న ముక్కలుగా పంపుతుంది. ఆ ముక్కలో పై నుంచి అట్టడుగు దాకా ఉన్నవన్నీ ఉంటాయి, భూమి లోపలి వజ్రాలతో సహా. నీకు కనపడకుండా దాచేది నీ దగ్గరున్న బొమ్మే. అందుకే పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో యాంటీ-ఎక్స్‌రే పెట్టారు. ఒక పద్ధతిలో కప్పబడి ఉన్న ఖనిజాలన్నీ రాయి అని పంపుతుంది. ఇంకో పద్ధతిలో రాయి నిండా దొంగ ఖనిజాలు కలిపి పంపుతుంది, ఎక్స్‌రే వేసినవాడికి ఎటు చూసినా వజ్రాలే కనిపించి ఏది నిజమో తెలియదు. కాల్పుల ఆటల్లో ఇది ఇంకా కష్టం. మూల తిరిగేలోపు మనిషి కనిపించాలంటే అతని స్థానం కాస్త ముందే నీ ఫోనుకి చేరాలి. అంటే సమాచారం నీ చేతికి ఇచ్చి, చూడొద్దని నిన్ను నమ్ముతున్నారన్నమాట.

ఇప్పుడు వెలుతురు, రంగుల సంగతి. ఇక్కడ నిజంగానే గీత మసకగా ఉంటుంది, అలా లేదని నటించేవాళ్ల మాట వినకు. మానిటర్‌కి ఉన్న బటన్‌తో బ్రైట్‌నెస్ పెంచుకుంటే ఎవరూ ఏమీ అనరు. కౌంటర్-స్ట్రైక్ పెద్ద ఆటగాళ్లు చాలామంది గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్‌లో డిజిటల్ వైబ్రెన్స్ (రంగుల గాఢత) పెంచి ఆడతారు, దాచిపెట్టరు, సెట్టింగ్‌లు అందరికీ చెబుతారు. అంతకు ముందు 1999లో వచ్చిన క్వేక్ 3లో పిక్‌మిప్ అనే విలువ పెంచి గోడల మీద బొమ్మలన్నీ చెరిపేసి, మట్టి ముద్దల్లాంటి గోడల మధ్య ఆడేవాళ్లు. చూడ్డానికి ఏమీ బాగుండదు, శత్రువు మాత్రం స్పష్టంగా కనిపిస్తాడు. అది చీటింగ్ కాలేదు. ఎందుకంటే ఆ ఆదేశం ఆటలోనే ఉంది, ఎవరైనా టైప్ చేసుకోవచ్చు, ఎదుటివాడూ అదే పెట్టుకుని ఉంటాడని ఇద్దరికీ తెలుసు. క్వేక్ లైవ్ వచ్చేసరికి శత్రువులందరినీ ఒకే మెరిసే రంగులో చూపించే సెట్టింగ్ ఆటలోనే ఇచ్చేశారు.

కాబట్టి రంగు పెంచితే లాభం ఉందా లేదా అని చూడటం వల్ల ఏమీ తేలదు. లాభం లేకపోతే ఎవడూ పెంచడు. ఆ లాభం ఆట తెలిసి ఇచ్చిందా, ఎదుటివాడికి కూడా అదే తలుపు తెరిచి ఉందా అని చూడాలి. వాలరెంట్ అనే కాల్పుల ఆటలో శత్రువు చుట్టూ ఉండే గీత మామూలుగా ఎరుపు. వర్ణాంధత్వం ఉన్నవాళ్ల కోసం దాన్ని పసుపుగానో ఊదాగానో మార్చుకునే వీలు ఇచ్చారు. కళ్లు బాగానే ఉన్నవాళ్లు కూడా పసుపు పెట్టుకుంటారు, తేలిగ్గా కనిపిస్తుందని. అందులో తప్పేమీ లేదు.

ఆ సెట్టింగ్ విలువ నాకు తెలిసింది మా టీంలో ఒకతని వల్ల. ఎరుపు, ఆకుపచ్చ తేడా అతనికి తెలియదు. ఆట తర్వాత ఆట ముందుగా చచ్చిపోతుంటే ఏకాగ్రత లేదని మేం తిట్టేవాళ్లం. ఒకరోజు ఇటుక రంగు గోడ ముందు నిలబడ్డ శత్రువుని చూపించి "వాడు కనపడటం లేదా" అని అడిగాను. "ఎవడు?" అన్నాడు. తెర మీద వేలు పెట్టి చూపిస్తే తప్ప అతనికి మనిషి కనిపించలేదు. గీతని పసుపుకి మార్చిన వారంలోనే అతను మా అందరికంటే బాగా ఆడటం మొదలుపెట్టాడు. అందుకే ఫిల్టర్ పేరు వినగానే చీటర్ అనేవాళ్లంటే నాకు కోపం. ఆటలో అలాంటి సెట్టింగ్ లేకపోతే ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఉండే కలర్ కరెక్షన్ వాడుకోవడం అతని హక్కు అని నా నమ్మకం. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ కింద అది ఉంటుంది, ఆట ఫైళ్లని అస్సలు ముట్టుకోదు.

చీకటి మాత్రం వేరు. కొన్ని ఆటల్లో రాత్రి అంటే నిజంగా రాత్రే, టార్చి వేస్తే నువ్వు దొరికిపోతావు, వెయ్యకపోతే దారి కనపడదు. ఆ భయమే అక్కడ ఆట. ఫిల్టర్‌తో రాత్రిని పగలు చేసుకునేవాడు టార్చి వెయ్యకుండానే అంతా చూస్తాడు. మానిటర్ బటన్‌తో చేసినా, ఫిల్టర్‌తో చేసినా అది నాకు తప్పుగానే కనిపిస్తుంది, అయితే బటన్‌తో చేసినవాడిని ఎవరూ పట్టుకోలేరు. నా తీర్పుకీ బ్యాన్‌కీ తేడా వచ్చే చోట్లలో ఇదొకటి.

పీసీలో రీషేడ్ అనే, ఆట దృశ్యం మీద ఫిల్టర్లు వేసే సాఫ్ట్‌వేర్ వాడతానని కూడా రాశావు. అది తయారుచేసినవాళ్లు ఈ గీతని బాగా అర్థం చేసుకున్నారు, అది నాకు నచ్చుతుంది. ఆట ప్రతి చుక్కకీ రంగుతో పాటు, ఆ చుక్క నీకు ఎంత దూరంలో ఉందో కూడా లెక్క కట్టి పెట్టుకుంటుంది, దాన్ని డెప్త్ బఫర్ అంటారు. రంగుల మీద మాత్రమే పనిచేస్తే నువ్వు చూస్తున్న బొమ్మే ఇంకోలా కనిపిస్తుంది. దూరం లెక్క కూడా చేతికొస్తే పొగమంచులో ఉన్నవాటిని వేరు చేసి చూపించడం లాంటివి చెయ్యొచ్చు. అందుకే రీషేడ్ మామూలు వెర్షన్ నెట్‌వర్క్ ట్రాఫిక్ కనిపించగానే డెప్త్ బఫర్‌ని ఆపేస్తుంది. యాడ్ఆన్‌లన్నీ (అదనంగా తగిలించుకునే భాగాలు) పనిచేసే వెర్షన్ వేరుగా ఉంది, అది ఒంటరిగా ఆడే ఆటల కోసం, మల్టీప్లేయర్‌లో వాడితే బ్యాన్ పడొచ్చని వాళ్లే చెబుతారు. అయినా 2017లో పబ్‌జీ పీసీ వెర్షన్‌లో రీషేడ్‌ని పూర్తిగా ఆపేశారు. ఇలాంటివి ఆట లోపలికి దూరి పనిచేస్తాయి. చీటింగ్‌ని పట్టుకునే యాంటీ-చీట్ ప్రోగ్రామ్ వైపు నుంచి చూస్తే లోపలికి వచ్చింది దొంగా, రంగులు వేసేవాడా అన్నది తెలియదు, తలుపు పగిలిందని మాత్రమే తెలుస్తుంది.

దీనికి 2023 అక్టోబర్‌లో జరిగిందే ఉదాహరణ. గ్రాఫిక్స్ కార్డులు చేసే ఏఎండీ తన డ్రైవర్‌లో (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్‌లో) యాంటీ-ల్యాగ్ ప్లస్ అని ఒకటి ఇచ్చింది, బటన్ నొక్కాక తెర మీద ఫలితం త్వరగా కనపడటానికి. అది ఆట ఫంక్షన్ల మధ్యలో దూరి పనిచేసేది. కౌంటర్-స్ట్రైక్ 2లో దాన్ని ఆన్ చేసుకున్నవాళ్లకి బ్యాన్‌లు పడ్డాయి. ఆ ఆట తయారుచేసిన వాల్వ్ వెంటనే వాడొద్దని చెప్పింది, ఏఎండీ ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకుంది. గ్రాఫిక్స్ కార్డు కంపెనీ అధికారికంగా ఇచ్చినదానికే అలా అయితే, టెలిగ్రామ్‌లో దొరికిన ఫైల్‌కి నీ తరఫున మాట్లాడేది ఎవరు?

ఆ టెలిగ్రామ్ ఫైల్ గురించి ఇంకో భయం కూడా నాకుంది. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్లు చాలామంది వాడిన జీషేడ్ అనే ఫిల్టర్ సాఫ్ట్‌వేర్‌లో, తమ అనుమతి లేని మార్గంలో అప్‌డేట్ చేసుకునేవాళ్ల కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యే కోడ్‌ని తయారుచేసినవాళ్లే పెట్టారని 2023 ఫిబ్రవరిలో బయటపడింది. అంత పేరున్నదానికే అలా జరిగింది. నీ ఫైల్ ఎవరు చేశారో నీకు తెలియదు. నీ ఫోన్‌లో యూపీఐ యాప్ ఉంది.

అదే ఫైనల్ ఫాంటసీ 14లో 2023 జనవరిలో అత్యంత కష్టమైన ఒక పోరాటం వచ్చింది, ప్రపంచంలో అందరికంటే ముందు గెలవాలని జట్లు పోటీపడ్డాయి. మొదట గెలిచిన జట్టు కెమెరాని ఆట అనుమతించిన దానికంటే వెనక్కి జరిపే మార్పు వాడిందని వీడియో బయటికొచ్చింది. వాళ్ల దెబ్బల బలం పెరగలేదు, శత్రువు బలం తగ్గలేదు, ఎక్కువ స్థలం కనిపించిందంతే. ఆట నిర్మాత నావోకి యోషిడా ఆ జట్టుని మొదటి విజేతగా తాను గుర్తించనని రాశారు. ఎక్కువ కనిపించడమే ఎక్కువ బలం అన్నది అక్కడ అందరికీ అర్థమైంది.

ఐప్యాడ్ వ్యూ గురించి మన దగ్గర రోజూ జరిగే గొడవ కూడా ఇదే. ఐప్యాడ్ తెర దాదాపు 4:3 కొలతలో ఉంటుంది కాబట్టి పొడవాటి ఫోన్ తెర కంటే పైనా కిందా ఎక్కువ కనిపిస్తుంది. నిజమైన ఐప్యాడ్‌లో ఆడేవాడు చీటర్ కాదు, ఆ పరికరానికి ఆట ఇచ్చిన దృశ్యమే అతను చూస్తున్నాడు. అది అన్యాయంగా ఉందనుకుంటే టోర్నమెంట్ పెట్టేవాళ్లు ట్యాబ్లెట్‌లు వద్దని చెప్పాలి, నేను రిఫరీగా చేసిన ప్రతిచోటా అలాగే చెప్పాను. ఫోన్‌లో యాప్‌తో ఆ కొలత తెచ్చుకునేవాడు మాత్రం ఆటకి అబద్ధం చెబుతున్నాడు.

ఇక నీ గడ్డి. దూరంలో ఉన్న గడ్డిని ఆట ఎవరికీ గీయదు, అది అందరికీ ఒకటే. దగ్గర గడ్డి వేరు. బీజీఎంఐలో ఎరాంగెల్ మ్యాప్, ఆడే చోటు బాగా చిన్నదైపోయిన చివరి సర్కిల్, ఒకడి దగ్గర హెల్త్ తక్కువ, దాక్కోవడానికి వేసే పొగ బాంబులు అయిపోయాయి, పొలంలో పడుకున్నాడు. అతని తెర మీద గడ్డి మొహాన్ని కప్పేసి ఉంది, తుపాకీ గొట్టం కూడా సగమే కనిపిస్తోంది, కదలకుండా ఊపిరి బిగబట్టాడు. నీ తెర మీద అతను ఖాళీ నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. అతను తీసుకున్నది మంచి నిర్ణయమే. దాన్ని అతనికి తెలియకుండా నువ్వు రద్దు చేశావు. తలుపులోంచి వచ్చిన ఎర్ర ముల్లుకీ దీనికీ నాకు తేడా కనిపించడం లేదు. నీడలు ఆట మెనూలోనే ఆపుకునే వీలు నీ ఫోన్‌లో ఉంటే ఆపుకో, అది నీకిచ్చిందే. మెనూలో లేకుండా టూల్‌తో ఆపితే నిబంధనకి విరుద్ధం.

నీ ఫోను చిన్నది, వేడెక్కితే ఫ్రేములు పడిపోతాయి అని రాశావు, ఆ బాధ నాకు తెలుసు. దానికి గ్రాఫిక్స్ స్మూత్‌లో పెట్టు, ఫ్రేమ్ రేట్ నీ ఫోన్‌కి ఇచ్చినంతలో ఎక్కువ పెట్టు, స్టైల్‌లో కలర్‌ఫుల్ ఎంచుకో. నువ్వు కోరుకున్న రంగులు చాలావరకు అక్కడే వస్తాయి. ఆడేటప్పుడు ఛార్జింగ్ తీసెయ్, బ్యాక్ కవర్ తీసెయ్. బీజీఎంఐ నడిపే క్రాఫ్టన్ కంపెనీ, అకౌంట్‌తో పాటు ఫోన్‌ని కూడా బ్యాన్ చేస్తుంది, కొత్త ఐడీతో మళ్లీ వద్దామంటే కుదరదు.

ఆదివారం లోపు చెయ్యాల్సింది చెబుతాను. టూల్ తీసేస్తే సరిపోదు, అది మార్చిన కాన్ఫిగ్ ఫైల్ ఆట ఫోల్డర్‌లో అలాగే ఉండిపోతుంది. ఆటని పూర్తిగా అన్ఇన్‌స్టాల్ చేసి, మిగిలిన ఫోల్డర్ ఉంటే అదీ తీసేసి, ప్లే స్టోర్ నుంచి మళ్లీ వేసుకో. అంతకు ముందు నీ ఐడీ గూగుల్‌కో ఫేస్‌బుక్‌కో లింక్ అయి ఉందో లేదో చూసుకో, లేకపోతే ఇన్నాళ్లు ఆడిందంతా పోతుంది. తర్వాత నీ స్క్వాడ్ కుర్రాడికి ఫోన్ చేసి, "గడ్డి విషయంలో నువ్వన్నదే నిజం" అని చెప్పు. శనివారం రాత్రి ఇద్దరూ కలిసి రెండు మ్యాచ్‌లు ఆడండి, గడ్డి ఉన్న తెరకి నీ కళ్లు మళ్లీ అలవాటు పడటానికి ఆ మాత్రం సమయం పడుతుంది.